మేక ఖల్లివెల్లి అయిన కథ

శుక్రవారం పొద్దున మస్కట్‌లోని వాడి కబీర్‌లో వర్క్‌షాపుల షట్టర్లన్నీ దించి ఉంటాయి. వారమంతా రేకు కొట్టే చప్పుడుకీ గ్రైండర్ల రొదకీ అలవాటు పడిన చెవులకు ఆ నిశ్శబ్దం సెలవులా తోచదు. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టు ఉంటుంది. మా బిల్డింగ్ వెనక గడ్డిపరక కూడా లేని కొండ ఒకటి కిటికీల దాకా వచ్చి ఆగి ఉంటుంది. చిన్నప్పుడు ఆ కొండ ప్రతి ఏడూ కొంచెం ముందుకు జరుగుతుందని నమ్మేదాన్ని. ఇప్పటికీ పూర్తిగా నమ్మడం మానలేదు.

ఆ నిశ్శబ్దంలోనే మా పై అంతస్తులో టీచరమ్మ తలుపు తెరిచేవారు. ఆవిడ గోదావరి జిల్లా మనిషి. ఇక్కడి ఇండియన్ స్కూల్లో ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పి మానేశారు. నేను కూడా ఆవిడ దగ్గర చదువుకున్నదాన్నే. డిగ్రీకి ఇండియా వెళ్ళి తిరిగి వచ్చాక అమ్మానాన్నల దగ్గరే ఉంటూ, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటూ, మిగిలిన పొద్దు చదువుకుంటూ, రాత్రి పడుకోబోయే ముందు డైరీ రాసుకుంటూ ఉండేదాన్ని. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. అందుకే టీచరమ్మ ఇంటి హాల్లో శుక్రవారం కథలు మొదలవడానికి కారణం నేనేనంటే మా అమ్మ కూడా నమ్మదు.

నేను చేసింది చాలా చిన్న పని. అమెరికాలో ఒక ఊరి లైబ్రరీ గురించి నెట్‌లో చదివాను. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయట. పొలాల్లో, హోటళ్ళలో పని చేసే తల్లులు వారానికి ఒకరోజు పిల్లలతో లైబ్రరీకి వచ్చి తమ భాషలోనే కథలు చదువుతారట. అమ్మమ్మల పాటలు పాడతారట. చదవడం రాని తల్లికి బిడ్డే పక్కన కూర్చుని అక్షరాలు చూపిస్తుందట. ఆ ఫోటోల్లోని ఆడవాళ్ళ మొహాలు నాకు తెలిసిన మొహాల్లాగే ఉన్నాయి. పని బట్టలు మార్చుకుని, తల దువ్వుకుని వచ్చిన మొహాలు. ఒకసారి లిఫ్ట్‌లో టీచరమ్మకు ఈ సంగతి చెప్పాను. ఆవిడ లిఫ్ట్ ఆగినా దిగలేదు.

"మనమూ పెడదాం. మా హాలు చాలదూ?" అన్నారు.

అలా మొదలైంది. పుస్తకాలు ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో వచ్చాయి. చుట్టుపక్కల ఫ్లాట్ల పిల్లలు అమ్మలతో వచ్చేవాళ్ళు. ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చినవాళ్ళు, డ్యూటీ లేని గంటో రెండు గంటలో దొరికితే వచ్చేవాళ్ళు. వాళ్ళ పిల్లలు ఇక్కడ ఉండరు. అందుకని టీచరమ్మ ఒక దారి కనిపెట్టారు. తల్లి ఇక్కడ పుస్తకం చదువుతుంది, మేము ఫోన్‌లో రికార్డు చేసి ఊరికి పంపుతాం, బిడ్డ అక్కడ వింటుంది.

ఒక్కటే రూలు. ఆ హాల్లో ఉన్నంతసేపు తెలుగే మాట్లాడాలి. ఇంగ్లీషో హిందీయో అరబ్బీయో నోరు జారితే అందరి ముందూ జోలపాట పాడాలి. పిల్లలు పెద్దవాళ్ళను పట్టుకోవడానికి కాపు కాసేవాళ్ళు. నవ్వులు బాగానే ఉండేవి. అయినా టీచరమ్మ చెప్పులు బయట విడవనిచ్చేవారు కాదు. ఒక సంచిలో వేసి లోపలికి తెమ్మనేవారు.

"గుమ్మం ముందు అన్ని జతలు కనబడితే బాగోదమ్మా. అడిగేవాళ్ళకు ఏవని చెబుతాం?" అనేవారు. అడిగేవాళ్ళు ఎవరో ఎప్పుడూ చెప్పలేదు. పరదాలు కూడా మూసే ఉండేవి.

అలా వచ్చినవాళ్ళలో ఒక కడప అక్క మొదటిసారి వచ్చినప్పుడు సంచిలోంచి చెప్పులు తీసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఏ క్షణంలోనైనా లేచి వెళ్ళాల్సిన మనిషిలా. మస్కట్‌లోనే ఘుబ్రా పేటలో ఒక ఇంట్లో పని. ఆ ఇంటి మేడమ్ తల్లి మంచాన ఉంది, ఆ ముసలావిడను చూసుకోవడమే ఈమె డ్యూటీ. శుక్రవారం మేడమ్ చెల్లెళ్ళు తల్లిని చూడ్డానికి వస్తారు కాబట్టి కాసేపు వెసులుబాటు. ఆ ఇంటి డ్రైవర్ రూవీ బజారుకు వెళుతూ ఈమెను మా దగ్గర దింపి, తిరుగు దారిలో ఎక్కించుకునేవాడు.

ఆమె కూతురికి ఎనిమిదేళ్ళు. కడప దగ్గర పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉంటుంది. తల్లి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఫోన్ చేస్తే ఏడ్చేది. తర్వాత ముభావంగా మాట్లాడేది. ఆపైన ఫోన్ మోగితే చాలు, గడప దాటి వీధిలోకి పరుగెత్తేది.

"నా గొంతు ఇంటే పారిపోతాది చిన్న టీచరమ్మా," అని ఆమె నాతో మొదటిరోజే చెప్పింది. నన్ను అలా పిలవడం ఆమే మొదలుపెట్టింది. "రంజాన్ పోయినాక లీవు ఇస్తానండాది మామా. పోతా. పొయ్యి ఇంటి ముందర నిలబడితే నా బిడ్డ నన్ను చూసి పరిగెత్తితే నేనేం జెయ్యాల?"

ఇళ్ళలో పని చేసేవాళ్ళు మేడమ్‌ను మామా అంటారు. ఆమె నోట ఆ మాటలో భయమూ లేదు, ప్రేమా లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేది.

ఆమెకు కావలసింది అదొక్కటే. లీవుకు వెళ్ళేలోపు బిడ్డ చెవికి తన గొంతు మళ్ళీ అలవాటు కావాలి. మాటలు వినని పిల్ల కథ వింటుందేమోనని ఆశ.

ఆమె చిన్నప్పుడు ఐదో తరగతి దాకా చదివింది. అక్షరాలు గుర్తున్నాయి, కూడబలుక్కుంటూ చదివేది. కొన్ని వారాలు వేలు పెట్టి చదవడం నేర్చుకుంది. నేను పక్కన కూర్చునేదాన్ని. ఆమె చేతుల నుంచి ఎప్పుడూ డెట్టాల్ వాసన వచ్చేది.

డ్రైవర్ ఒకసారి పైకి రాకుండా మెట్ల దగ్గర నన్ను ఆపాడు. జగిత్యాల వైపు మనిషి, నాన్నకంటే పెద్దవాడు.

"ఏం జేస్తరు బిడ్డా గంతసేపు తలుపులు పెట్టుకొని?"

"కథలు చదువుతాం," అన్నాను.

"పెద్దోళ్ళు గూడనా?" పకపకా నవ్వాడు. "మస్తుగున్నది పని. నాకూ ఒకటి చెప్పున్రి, సిగ్నల్ కాడ నిద్రొస్తది." ఆ తర్వాత నవ్వు ఆపి కారు తాళాలు వేలికి తిప్పుతూ అన్నాడు. "జర పైలం బిడ్డా. నలుగురు గూడిన కాడ మాట ఊకుండదు. కాళ్ళొచ్చి బయటికి పోతది."

అప్పుడు నాకది పెద్దవాళ్ళు ఊరికే అనే మాటలా అనిపించింది. కానీ ఇంట్లోకి వచ్చి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. కారు కదలకుండా అక్కడే ఉంది. అద్దం దించి పైన టీచరమ్మ పరదాల వైపు చూస్తున్నాడు.

రికార్డు చేసిన రోజు బాగా గుర్తుంది. హాల్లో పిల్లల గోల అని వంటింట్లోకి వెళ్ళాం. ఏసీ రొద రికార్డులో పడుతుందని టీచరమ్మ ఆపేశారు. కాసేపట్లోనే ముగ్గురి మొహాలూ చెమటతో నిండిపోయాయి. ఆమె ఫోన్ పాతది, అందులో జాగా లేదు. అందుకని నా ఫోన్‌లోనే రికార్డు చేసి, వాళ్ళమ్మ నంబరుకు నేనే పంపేలా అనుకున్నాం.

బొమ్మల పుస్తకంలో కథ చిన్నది. ఒక తల్లి మేక ఉంటుంది. దొడ్లో గడ్డి అయిపోతే, పిల్లకు పాలు చాలవని, కొండ మీద పచ్చిక కోసం తాడు కొరుక్కుని వెళుతుంది. చీకటి పడే వేళకు పిల్ల అరుపు కొండకు తగిలి పైదాకా వినిపిస్తే, ఆ గొంతు పట్టుకుని దిగి వస్తుంది. ఆ పుస్తకం ఆమే ఎంచుకుంది.

"తల్లి మేక దొడ్డి దాటి వెళ్ళిపోయింది," అని చదివి ఆగింది.

"ఏవమ్మా, ఆగావు?" అన్నారు టీచరమ్మ.

"ఈ మాట బాగల్యా టీచరమ్మా. వెళ్ళిపోయింది అంటే మా పాపకు ఏమి ఇచ్చిత్రం? మా ఊర్లో అందరూ వెళ్ళిపొయ్యేటోళ్ళే గదా. నవ్వు రావాల దానికి."

"అయితే నీ మాటల్లో చెప్పు. పుస్తకం ఏవీ అనుకోదులే."

ఆమె పుస్తకం మూసేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఎదురుగా కూతురు కూర్చున్నట్టు ముందుకు వంగింది. అప్పటిదాకా నేను విన్న గొంతు కాదు అది.

"పొద్దన్నే లేసి చూస్తే ఏముండాది? తాడు ఉండాది. గుంజ ఉండాది. మేక ల్యా! యాడికి పోయింది మేక? ఖల్లివెల్లి అయిపోయింది!"

వంటింటి గుమ్మంలో పిల్లలు ఎప్పుడు పోగయ్యారో, ఒక్కసారిగా గొల్లుమన్నారు. "అరబ్బీ! అరబ్బీ! జోలపాట పాడాలి!"

ఈ మాట గురించి చెప్పాలి. అరబ్బీలో దానికి అర్థం 'పోనీ, వదిలెయ్' అని. మనవాళ్ళ నోట్లో పడి అది ఇంకొకటైంది. కంపెనీలోంచో ఇంట్లోంచో చెప్పకుండా వెళ్ళిపోయి, కాగితాలు లేకుండా ఎక్కడో దాక్కుని పని చేసుకునే మనిషిని 'ఖల్లివెల్లి అయ్యాడు' అంటారు. గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ప్రతి పల్లెలోనూ ఆ మాట తెలుసు.

"యాందబ్బా అరబ్బీ?" ఆమె పిల్లల మీదికి లేచింది. "మా ఊర్లో ముసిలోళ్ళు కూడా అంటారు ఈ మాట. కోడి తప్పిపోతే ఖల్లివెల్లి, మొగుడు కనపడకపోతే ఖల్లివెల్లి. మా ఊర్లో ఉండేది తెలుగు గాకుంటే ఇంగేముంటాది?"

పిల్లలు టీచరమ్మ వైపు చూశారు. ఆవిడ నవ్వు ఆపుకుంటూ తీర్పు చెప్పారు. "ఊళ్ళో ముసలమ్మకు అర్థమైతే తెలుగే. జోలపాట అక్కర్లేదు. కానివ్వు."

కథ సగమైంది. మేక కొండెక్కింది. కింద డ్రైవర్ హారన్ కొట్టాడు, రెండోసారి గట్టిగా. మేడమ్ ఫోన్ చేస్తోందట, చెల్లెళ్ళు తొందరగా వెళ్ళిపోతున్నారట. మిగతాది వచ్చే వారం అనుకున్నాం. ఆమె చెప్పులు చేత్తోనే పట్టుకుని మెట్లు దిగింది.

ఆ సాయంత్రం నేను పంపిన రికార్డుకు ఊరి నుంచి జవాబు వచ్చింది. ముందు కోడి కూత, తర్వాత ఎవరిదో దగ్గు, తర్వాత సన్నని గొంతు.

"మా... మేక యాడికి పోయింది మా? మళ్ళ చెప్పు."

దాన్ని ఆమె ఫోన్‌కు పంపాను. కాసేపటికి ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో మాటలు లేవు. కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు, దాని వెనక ఆమె ఊపిరి. నేను మా గదిలో తలుపు వేసుకుని అది మళ్ళీ మళ్ళీ విన్నాను. సంతోషంగానే ఉంది. కానీ ఆ నీళ్ళ చప్పుడు ఎవరో వినకూడదని తెరిచిన కుళాయిలా ఉంది.

వారం మధ్యలో, పిల్లలకు ట్యూషన్ చెబుతుండగా ఊరి నంబరు నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది. ఈసారి అమ్మమ్మ.

"అమ్మా, నువ్వెవురో నాకు తెల్దు. మా బిడ్డ కత నీ ఫోన్లో నుంచే వచ్చినాది గదా. నిజం చెప్పమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. మా బిడ్డ ఖల్లివెల్లి అయినాదంట గదా. యాడ ఉండాది? నీ కాడే ఉండాదా?"

నాకు అర్థం కాలేదు. ఆమె ఫోన్‌కు చేస్తే స్విచాఫ్. ఎవరికైనా ఫోన్ చేయాలంటే అరగంట కూడదీసుకునే మనిషిని, ఆ రోజు పిల్లల్ని పంపేసి వెంటనే ఆ నంబరుకు చేశాను. అమ్మమ్మ ఏడుస్తూ, ఆగుతూ, వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెడుతూ చెప్పింది. అంతా అయ్యాక నాకు సంగతి తెలిసింది.

కథ విన్న మర్నాడు పాప వీధి చివర అంగడికి వెళ్ళింది. అక్కడ అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ అడిగింది, "ఏం మే, మీయమ్మ ఫోన్ చేసినాదా? ఏం చెప్పింది?" ఎన్నాళ్ళకో తల్లితో మాట్లాడిన గర్వం ఆ పిల్లది. ఆ నవ్వొచ్చే మాటే గుర్తుంది. "మాయమ్మ చెప్పింది. ఖల్లివెల్లి అయిపోయిందంట!" అని నవ్వుకుంటూ పరిగెత్తింది.

మేక అన్న మాట అనలేదు. అనాలని ఆ పిల్లకు తోచలేదు. కథ తనకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకుంది. మన భాషలో ఆడమనిషి వెళ్ళినా 'పోయింది', మేక వెళ్ళినా 'పోయింది'. ఎవరు పోయారో చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. లోటు విన్నవాళ్ళే పూరించుకుంటారు. ఆ అరుగు మీది ఆడవాళ్ళందరి ఇళ్ళలోనూ గల్ఫ్‌లో ఒక మనిషి ఉంది. వాళ్ళు పూరించుకోవడానికి క్షణం పట్టి ఉండదు.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. ఆమెను ఇక్కడికి పంపిన ఏజెంటు బండేసుకుని ఇంటికి వచ్చాడు. మనిషి పారిపోతే తన మీదికి వస్తుందని కేకలేశాడు. అక్కడి నుంచే మస్కట్‌లో ఉన్న తన ఆఫీసుకు ఫోన్ కొట్టాడు. ఆపైన సంగతి మాకు తర్వాత డ్రైవర్ వల్ల తెలిసింది. ఆఫీసువాళ్ళు ఘుబ్రాలో మేడమ్‌కు ఫోన్ చేసి, "మీ ఇంట్లో మనిషి ఉందా?" అని అడిగారు.

ఉంది. ఆ సమయానికి ముసలావిడకు తల దువ్వుతోందట.

శుక్రవారం వచ్చింది. ఆమె రాలేదు. డ్రైవర్ ఒక్కడే మొదటిసారిగా మెట్లెక్కి పైకి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. హాల్లో చదువుతున్న పిల్లలు ఆగిపోయారు.

"టీచరమ్మా, గామె మీద మేడంకు అనుమానం వడ్డది," అన్నాడు గొంతు తగ్గించి. "శుక్రారం శుక్రారం యాడికి తీస్కపోతున్నవని నన్ను నిలవెట్టి అడిగింది. పారిపోయేటందుకు గీడ మాట్లాడుకుంటున్నరు అనుకుంటున్నది. ఫోన్ గుంజుకున్నది. గేటుకు తాళం. పట్నానికి దూరంగ బర్కాల వాళ్ళకు ఖర్జూర తోట ఉన్నది గదా, ముసలామెతోటి గామెను గూడ గాడికి పంపిస్త అంటున్నది. గా తోటల సిగ్నల్ గూడ దొరకది."

"మేము వచ్చి చెబుతాం," అన్నారు టీచరమ్మ. "కథలో మేక గురించి అని చెబితే సరిపోతుంది కదా?"

"చెప్పున్రి. గని నేను చెప్పిన్నని చెప్పకున్రి. నాకూ పిల్లలున్నరు."

ఆయన వెళ్ళాక టీచరమ్మ పరదా కొంచెం తొలగించి కిందికి చూశారు. ఆ వారం హాలుకు వచ్చిన మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే సంచిలో చెప్పులు వెతుక్కుని, మామూలు కంటే ముందే వెళ్ళిపోయారు.

మర్నాడు నేనూ టీచరమ్మా ఘుబ్రా వెళ్ళాం. తెల్లటి ప్రహరీ, పెద్ద గేటు. బెల్ కొట్టాక లోపల అడుగుల చప్పుడు దగ్గరకు వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళింది. చాలాసేపటికి మళ్ళీ వచ్చింది. మేడమే తెరిచింది. నేను ఊహించుకున్నంత పెద్ద మనిషి కాదు. కళ్ళ కింద నల్లగా, వారం రోజులుగా నిద్ర లేనట్టు ఉంది. మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. పక్క గదిలోంచి ముసలావిడ మూలుగు వినిపిస్తోంది.

టీచరమ్మ హిందీలో చెప్పారు. మేడమ్‌కు పనివాళ్ళతో మాట్లాడే హిందీ వచ్చు. పుస్తకం చూపించారు. మేక బొమ్మ చూపించారు. పిల్ల ఏమంది, ఊళ్ళో ఏమనుకున్నారు, ఏజెంటు ఎందుకు ఫోన్ చేశాడు అన్నీ వరసగా, బోర్డు మీద లెక్క చేసినట్టు చెప్పారు. ఖల్లివెల్లి అన్న మాట వచ్చేసరికి మేడమ్ కనుబొమలు ముడిచింది. ఆ మాట ఆవిడ భాషదే. మేము దానితో ఏం చేశామో ఆవిడకు అర్థం కాలేదు. టీచరమ్మ మళ్ళీ చెప్పారు. పారిపోయిన మనిషిని మావాళ్ళు అలా అంటారని.

"అంటే పారిపోవడానికి మీ దగ్గర ఒక మాట కూడా ఉందన్నమాట," అంది మేడమ్ నెమ్మదిగా.

టీచరమ్మ పుస్తకాన్ని మేక బొమ్మ దగ్గర తెరిచి ఆవిడ ముందుకు జరిపారు.

అప్పుడు కడప అక్క ఖహ్వా అనే అరబ్బీ కాఫీ గిన్నెలు తీసుకుని వచ్చింది. మా వైపు చూడలేదు. మేడమ్ చెప్పుకుపోయింది. ఇంతకుముందు ఉన్న పనమ్మాయి ఒకరోజు చెప్పకుండా వెళ్ళిపోయిందట. మేడమ్ ఇంటికి వచ్చేసరికి తల్లి మంచం మీద నుంచి పడి, పొద్దుటి నుంచి నేల మీదే ఉందట, నీళ్ళు కూడా లేకుండా. అది చెబుతూ ఆవిడ పక్క గది తలుపు వైపు చూసింది. అబద్ధం చెప్పడం లేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది. కోపంగా ఉన్న మనిషికైతే నచ్చజెప్పవచ్చు.

చివరికి మేడమ్ పుస్తకం మూసి టీచరమ్మ చేతికి ఇచ్చింది. చెయ్యి గాల్లో తేలిగ్గా ఊపి, "ఖల్లి వల్లి," అంది. ఆవిడ భాషలో. పోనీ, వదిలెయ్యండి.

ఒక్క క్షణం నేను గట్టెక్కామనుకున్నాను. బర్కా పంపను అంది. ఆఫీసుకు తిప్పి పంపను అంది. కానీ శుక్రవారం బయటికి పోవడం ఇక లేదు. ఫోన్ తన దగ్గరే ఉంటుంది. వారానికి ఒకసారి తన ఫోన్ నుంచి, తన ఎదుట, స్పీకర్‌లో పెట్టి కూతురితో మాట్లాడవచ్చు. హిందీలో. తనకు అర్థమయ్యేలా.

నేను కొత్తవాళ్ళ ముందు ఎప్పుడూ నోరు తెరవను. ఆ రోజు తెరిచాను. "ఆ పాపకు హిందీ రాదు," అన్నాను.

మేడమ్ నా వైపు జాలిగానే చూసింది. "నేర్చుకుంటుంది. పిల్లలు త్వరగా నేర్చుకుంటారు. నా పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోలేదా?"

మేము లేస్తుండగా కడప అక్క గిన్నెలు తీసుకోవడానికి వంగింది. నా గిన్నె అందుకుంటూ, పెదవులు సరిగా కదలకుండా తెలుగులో అంది. "మిగతా కత నువ్వు చెప్పు. బిడ్డ కాసుకోనుంటాది." మేడమ్ చటుక్కున తల తిప్పి, "ఏమంది?" అని అడిగింది. "చక్కెర కావాలా అని," అన్నారు టీచరమ్మ. ఖహ్వాలో చక్కెర వేయరు. మేడమ్ మా ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. మా వెనక గేటు తాళం పడిన చప్పుడు రోడ్డు మీద కూడా వినిపించింది.

ఆ రాత్రి తినబుద్ధి కాలేదు. మర్నాడు మధ్యాహ్నం గదిలో ఏసీ ఆపి, మిగతా కథ రికార్డు చేశాను. ఆమె యాసలో చెప్పాలని చూశాను, నా నోట అది వెక్కిరింపులా వినిపించింది. చెరిపేసి మామూలుగా చదివాను. మేక పిల్ల గొంతు వింది, కొండ దిగింది, ఇంటికి వచ్చింది. పంపాను.

అమ్మమ్మ తిరిగి ఫోన్ చేసింది. "మూడు మాటలు ఇన్నాదమ్మా. ఇది మాయమ్మ గాదు అని ఫోన్ తోసేసినాది. మిగతాది మాయమ్మే చెప్పాల అంటాది. నువ్వేమనుకోబాక."

ఏమీ అనుకోలేదు. అనుకునే హక్కు కూడా నాకు లేదనిపించింది. తర్వాతి శుక్రవారం హాల్లో ఫ్లాట్ల పిల్లలు తప్ప ఎవరూ లేరు. పనివాళ్ళెవరూ రాలేదు. ఏ ఇంట్లో ఏ మేడమ్‌కు ఏం తెలిసిందో మాకు తెలియదు. టీచరమ్మ పుస్తకం తెరిచి, ఎక్కడ చదవాలో మరచిపోయినట్టు చాలాసేపు పేజీ చూస్తూ కూర్చున్నారు. చెప్పుల సంచి అవసరం లేకపోయింది.

ఆ సాయంత్రమే ఘుబ్రా నుంచి ఊరికి ఫోన్ వెళ్ళింది. జరిగింది అమ్మమ్మ నాకు తర్వాత చెప్పింది. పాప ఈసారి పారిపోలేదట. మేక సంగతి తెలుస్తుందని పొద్దుటి నుంచి ఫోన్ పక్కనే కూర్చుందట. తీరా తల్లి గొంతు వస్తే అది తల్లి గొంతే, మాటలు మాత్రం తల్లివి కావు. పాప బిత్తరపోయి అమ్మమ్మ మొహం చూసింది. అమ్మమ్మకూ హిందీ రాదు. పక్కింట్లో ఉర్దూ మాట్లాడే సాయిబుల పిల్ల ఉంది, పాపతో కలిసి బడికి వెళ్ళే పిల్ల. పాప పరిగెత్తి వెళ్ళి ఆ పిల్లను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

"ఏమంటాందో చెప్పు మే," అందట పాప.

"తిన్నావా అంటాంది. బాగ సదువుకుంటాండావా అంటాంది."

"అవన్నీ వద్దు. మేక ఏమైందో అడుగు."

ఆ పిల్ల ఫోన్ మీదికి వంగి తన మాటలో అడిగింది, మేక ఏమైందని. అవతల ఎవరో ఇంకొకరు అరబ్బీలో ఏదో అన్నట్టు, ఆమె 'ఏం లేదు, ఏం లేదు' అని గబగబా అన్నట్టు వినిపించింది. తర్వాత ఆమె ఒక్క మాట చెప్పింది. సాయిబుల పిల్ల దాన్ని తెలుగు చేసింది.

"మేక యాడికీ పోల్యాదంట. ఇంట్లోనే ఉండాదంట."

పాప ఫోన్ దగ్గరకు జరిగింది.

"ఎవురింట్లో?" అంది.

ఆ ప్రశ్న సాయిబుల పిల్ల అడిగేలోపే ఫోన్ కట్టయింది. ఆ రోజు నుంచీ పాప అన్నం దగ్గరా, నీళ్ళ దగ్గరా అదే అడుగుతోందట. ఇదంతా చెప్పి అమ్మమ్మ ఆగింది. ఫోన్‌లో వెనక ఎక్కడో పిల్ల గొంతు వినిపిస్తూనే ఉంది.

"నువ్వు సదువుకున్న బిడ్డవి గదమ్మా. ఎవురింట్లో ఉండాదని చెప్పమంటావు దానికి?"

నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని నిలబడ్డాను. అవతల ఆమె, నేను వినలేదేమోనని, మళ్ళీ అడిగింది.